అందరి ఫోనులో బసవరాజు

సెప్టెంబరు తొమ్మిది కిరణ్మయికి బాగా గుర్తు. ఆ పొద్దున మహదేవపురలో ఆఫీసు కింది దర్శిని హోటల్లో నిలబడి పళ్లెమంత తట్టె ఇడ్లీ తింటోంది. పైన వేసిన వెన్న ఇంకా కరగనే లేదు, తన కింద పనిచేసే శామ్యూల్ వచ్చేశాడు.

“మళ్ళీ బసవరాజే, మేడం.”

“చాలామందికా?”

“ఫోన్ల మీద ఫోన్లు. ఆయన షుగర్ చూసి మా ఆయన అన్నం మానేశాడు, ఎవరండీ ఈ బసవరాజు అని ఒకావిడ నన్ను వాయించేసింది.”

రక్తపరీక్షల ల్యాబ్ ఒకదానికి వీళ్లు వెబ్‌సైట్ చేసిపెట్టారు. రక్తమిచ్చినవాళ్లు ఫోనులోనే రిపోర్టు చూసుకోవచ్చు. కొత్త వెర్షన్ పెట్టిన కొన్నాళ్ల నుంచీ, ‘పాత రిపోర్టులు’ అన్నచోట నొక్కితే ఎవరికైనా ఒకే మనిషి కనబడుతున్నాడు. బసవరాజు, ఊరు హెబ్బగోడి, షుగర్ మూడొందలు.

ఆఫీసులో పరీక్షిస్తే మాత్రం ఎవరిది వాళ్లకే వస్తోంది.

ఒకరి జబ్బు ఇంకొకరి కంట పడదని ల్యాబ్‌కి మాటిచ్చింది కిరణ్మయే.

“ఎవరెప్పుడు వచ్చారో లాగ్‌లో చూశాను మేడం. తెల్లవారుజామున సర్వర్ ఆగి మళ్ళీ లేస్తుంది కదా, లేవగానే మొట్టమొదట వచ్చేది ఆయనే. రోజూ. ఆ వేళప్పుడు రిపోర్టుతో ఏం పని?”

“ఏదో గెలుకుతున్నాడు.”

“మొదట్లో మనకి ఫోన్ కూడా చేశాడు. వేరేవాళ్ల రిపోర్టు వస్తోందని. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యమన్నాను.”

“మనకి తెలుస్తుందో లేదో చూసుకున్నాడన్నమాట. బ్లాక్ చెయ్యి.”

మర్నాడు బసవరాజు కనబడలేదు.

ఆయన చోట శ్రీజ అనే అమ్మాయి కనబడింది. ఇరవై రెండేళ్లు. ఆ రిపోర్టులో ఉన్నది కన్నతల్లికి చెప్పడానికైనా నోరు రాని సంగతి.

కిరణ్మయి వెంటనే రిపోర్టు మూసేసింది. “సైట్ ఆపెయ్, శామ్యూల్. ఎవరైనా చూశారా?”

“ఆ అమ్మాయి తప్ప ఇంకా ఎవరూ నొక్కలేదు. చూసింది మనిద్దరమే.”

ఆ మాత్రం అదృష్టం దక్కింది.

మధ్యాహ్నందాకా తల పట్టుకుని, కాఫీకి కిందికి దిగింది. దర్శినిలో డికాక్షన్ డబ్బా ఒక్కటే. పొద్దున్న పెడితే హోటల్ మూసేదాకా అదే. గ్లాసు మాత్రం మనిషికొకటి. తాగి పెట్టగానే కడగడానికి పోతుంది.

ఒకరి గ్లాసు ఆ డబ్బాకే కట్టేస్తే?

కాఫీ అక్కడే వదిలి పైకి పరుగెత్తింది.

వాళ్ల ప్రోగ్రాములో ఏ భాగానికి ఏది కావాలో సర్వరే తెచ్చి చేతికిస్తుంది. ఏది ఎంతసేపు బతకాలో మాత్రం వీళ్లు చెప్పాలి. పాత రిపోర్టులు తెచ్చే భాగం డికాక్షన్ డబ్బా లాంటిది. సర్వర్ లేచాక ఒక్కసారే పుట్టి, అది ఆగేదాకా ఉంటుంది. వచ్చిందెవరో చెప్పే భాగం గ్లాసు లాంటిది. మనిషి మనిషికీ కొత్తది రావాలి. దాన్ని తీసుకెళ్లి డబ్బా చేతిలో పెట్టారు. డబ్బా ఇంక వదల్లేదు.

“మొదట వచ్చినవాళ్ల ఎంగిలి గ్లాసే రోజంతా అందరికీ ఇస్తున్నాం, శామ్యూల్.”

“మరి మనకెందుకు కనబళ్లేదు?”

“మనం పరీక్షించే ముందు ప్రతిసారీ సర్వర్ కొత్తగా లేపుతాం. అక్కడ మొదట వచ్చేది మనమే.”

మార్చింది ఒక్క ముక్క. డబ్బాని కూడా మనిషి మనిషికీ కొత్తగా పుట్టేలా చేసింది.

సర్వర్ లేపారు. శామ్యూల్ ఫోనులో శామ్యూల్. కిరణ్మయి ఫోనులో కిరణ్మయి. చుట్టుపక్కల సీట్లవాళ్లూ తలా ఒకసారి నొక్కి చూశారు. ఎవరిది వాళ్లకే. ఎవరో చప్పట్లు మొదలుపెడితే ఫ్లోరంతా అందుకుంది. శామ్యూల్ మైసూర్‌పాక్ తెప్పించాడు.

“ఇది మాత్రం బసవరాజు గారికి పెట్టకూడదు మేడం.”

నవ్వబోయి ఆగిపోయింది కిరణ్మయి. పాపం, ఆయన చేసిందేముంది? ముందు వచ్చాడు, అంతే.

చీకటి పడుతుండగా తనే ఫోన్ చేసింది.

“బసవరాజు గారా? రిపోర్టుల వెబ్‌సైట్ చేసేవాళ్లమండీ. మిమ్మల్ని బ్లాక్ చేశాం. తప్పు మాదే. ఇప్పుడు ఆ బ్లాక్ తీసేశాం.”

“అది పోనీలేమ్మా. ఈపొద్దు ఎవురిదన్నా బయట పడిందా?”

“ఒకమ్మాయిది. ఎవరూ చూడకముందే ఆపేశాం. ఇంక ఎవరిది వాళ్లకే.”

ఆయన హమ్మయ్య అని ఊపిరి వదలడం ఇటు వినిపించింది.

“చల్లని మాట చెప్తివి తల్లీ.”

“మీకు పొద్దున్నే లేచే అలవాటా అండీ?”

“యాడిదమ్మా. ఎండొచ్చినంక లేచేవాణ్ణి. మొదుట్లో ఒకనాడు నా ఫోన్లో ఎవురో పాపది పడె. సదవకుండా మూసేస్తి. మీకు సెప్తే ఆ అబ్బాయి ఆఫ్ చేసి ఆన్ చెయ్యమనె.”

“అవునండీ.”

“ఇంకొకనాడు మెలకువొచ్చి తెల్లారకముందే తెరిస్తి. ఆపొద్దు పక్కింటి అక్కయమ్మ ఫోన్లో నా పేరుండె. ముందు తెరిసినోళ్లదే అందరికీ పడతాదేమో అనిపించె. ఎందుకో నాకేం తెలుసు?”

గడియ మెల్లగా పడిన చప్పుడైంది. ఆయన రాత్రికి తలుపు వేసుకుంటున్నాడు.

“దాసుకోవాల్సినోళ్లు ఎంతమందో ఉంటారు, నా సక్కెరకేం సిగ్గుండాది, నాదే పడనీ అని దినామూ అలారం పెట్టుకుంటి; రేపు ఎండెక్కిందాకా పండుకుంటా తల్లీ.”