సంతకం వెనక

సంతకాన్ని చూడ్డానికొచ్చినవాళ్ళు సంతకం చూస్తారు గానీ, ఈవిడ దాని వెనకవైపు చూపించమంటుందేమిటి?

ఊళ్ళో అందరూ ఉత్తరాలాయన అని పిలిచే పెద్దాయన ఆల్బమ్‌ని ఒళ్ళోకి లాక్కున్నాడు.

నలభై ఏళ్ళుగా పోగేసిన మహానాయకుల చేతిరాతలన్నీ అందులోనే ఉన్నాయి. వాటన్నిట్లోకీ ఆయనకి ప్రాణం, రెండు వేళ్ళ వెడల్పున్న ఈ ముక్క. ఓ పెద్దనాయకుడు జైల్లోంచి రాసిన ఉత్తరం అడుగునుంచి ఎవరో కత్తిరించి అమ్మేసిన సంతకం.

"వెనక ఏముంటుందమ్మా? తెల్లకాగితం."

"కాదండీ, రాత ఉంటుంది. రెండు లైన్లు. చదువుకుని వెళ్ళిపోతాను."

రాతా, గాడిదగుడ్డా! ముద్ర కోసం వచ్చింది. వెనక ఏ గ్రంథాలయం ముద్రో ఉంటే ఇది దొంగసరుకని తేలిపోతుంది. డెబ్భై ఏళ్ళ మనిషి, నెరిసిన జుట్టు, చేతిసంచి. ఇలాంటి కేసుల్లో ఇలాంటివాళ్ళనే పంపిస్తారు.

"అతికించేశాను. ఊడదు."

"ఆవిరి పడితే ఊడుతుందటండీ. కనుక్కునే వచ్చాను."

కనుక్కునే వచ్చిందట!

ఆవిడ సంచిలోంచి మడతలు నలిగిన కాగితమొకటి సగం బయటికి తీసింది.

"ఇది చూస్తే మీకే..."

"నోటీసులూ గీటీసులూ నాకొద్దు. ముందు లేవండి."

కాగితం మళ్ళీ సంచిలోకి వెళ్ళిపోయింది.

"నా మీద అనుమానమా అండీ?"

ఆయన వీధి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"పరవాలేదు లెండి. పుట్టినప్పట్నుంచీ అలవాటే."

చిన్నగా నవ్వి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

లోపల్నుంచి భార్య వచ్చింది.

"పేరన్నా అడిగారా? గుక్కెడు మంచినీళ్ళన్నా ఇచ్చారా?"

"దొంగలకి మర్యాదలొకటా!"

"మీకు గోడమీది బల్లి మీద కూడా అనుమానమే!"

వెళ్ళినావిడ మళ్ళీ వస్తుంది, ఈసారి పోలీసుని వెంటబెట్టుకుని. ఈలోగా ఆ ముద్ర గీకి పారేస్తే సరి.

బ్లేడు పట్టుకుని వంటింట్లోకి నడుస్తుంటే, ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళ మొహాల్లో వెతికిన దొంగ, తన చొక్కాలోనే ఉన్నట్టనిపించింది.

అయినా ఆగలేదు.

కాఫీకి మరుగుతున్న నీళ్ళ మీద ఆ పేజీ పట్టాడు. ముక్క అంచు లేచింది. మెల్లగా ఊడదీసి తిప్పాడు.

ముద్ర లేదు.

అదే చేతిరాత. రెండే లైన్లు.

'ఊరంతా ఏమన్నా సరే, మమ్మల్ని పట్టిచ్చింది మీ ఆయన కాదమ్మా. మీ పాపకి ఊహ తెలిశాక ఈ మాట తప్పక చెప్పు.'

బ్లేడు పక్కన పడేశాడు. ఆవిడ సంచిలో ఉంది నోటీసు కాదు, ఈ ఉత్తరంలో మిగతా కాగితం.

వీధిలోకి పరిగెత్తాడు. ఆ చివరా, ఈ చివరా ఎవరూ లేరు. పేరు పెట్టి పిలుద్దామంటే పేరు తెలీదు.

లోపలికొచ్చి, జిగురింకా ఆరని ఆ ముక్కని కిటికీ అద్దానికి అంటించాడు. సంతకం గదివైపు, డెబ్భై ఏళ్ళ పాపకి అందాల్సిన మాట వీధివైపు.