ఇంకో చెయ్యి

షుగరు మాత్ర ఒక్కటి కూడా మింగనని ఊరంతా చాటిన మద్దిలేటికి, రక్తంలో షుగరు నలభై ఎనిమిదికి పడిపోయింది.

కృపావతి మీటరును నమ్మలేకపోయింది. ఇంకో వేలు పొడిచి చూసింది. నలభై ఎనిమిదే.

ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర ఆమె మందుల షాపు. విత్తన శనగల కోసం భార్య అంకమ్మతో పల్లె నుంచి వచ్చిన మద్దిలేటి, షాపు ముందు ఆటో దిగుతూనే కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. మాట ముద్దగా వస్తోంది. ఆటో నడిపే ఇస్సాకే మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టాడు.

“పొద్దున్నే ఏసినట్టుండాడు పెద్దాయన,” అన్నాడు ఇస్సాకు.

“నీ నోట్లో మన్ను పడ! ఆయప్ప సారా వాసన గూడా ఎరగడు,” అంది అంకమ్మ.

కృపావతి గ్లూకోజు నీళ్లు గుక్కగుక్కగా తాగించింది. కాసేపటికి చెమట ఆరింది. మళ్లీ పరీక్ష చేస్తే ఎనభై దాటింది. మద్దిలేటి లేచి కూర్చుని తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

“మాత్ర ఏసుకుని, ఏమీ తినకుండా వచ్చినావా అన్నా?”

“మాత్రనా? నేనా?” అప్పుడే పాత గొంతు వచ్చేసింది. “ఆర్నెల్ల కిందట ఈడనే, నీ ముందరే చెప్తి గదమ్మా. మాత్ర మొదలుపెడితే సచ్చేదాకా దానికి జీతగాడే. మా నాయన ఎవురికీ జీతముండల్యా. నేనూ ఉండను.”

నిజమే. ఆ రోజు నంద్యాల డాక్టరు రాసిన చీటీని కౌంటరు మీద విసిరేసి పోయాడు. టీ అంగడి దగ్గర ఇప్పటికీ ఆ మాట గొప్పగా చెప్పుకుంటాడు. అది విని ఊళ్లో ఇంకో ఇద్దరు మాత్రలు మానేశారు కూడా.

కృపావతికి లెక్క కుదరలేదు. మందు వాడని షుగరు మనిషికి షుగరు పెరుగుతుంది. ఇంతలా పడిపోదు. ఎవరైనా మందు పెడితే తప్ప. ఈసారి షాపు ముందు పడ్డాడు కాబట్టి సరిపోయింది. రేపు చేన్లో ఒంటరిగా పడితే మనిషి దక్కడు.

ఆమె అంకమ్మ వైపు తిరిగింది.

“వదినా, అన్న ఇసిరేసిన ఆ చీటీ నా కాడ తీసుకుని, పోయిన నెల నుంచి మాత్రలు కొంటాండావే. అన్న దారికొచ్చినాడంటివి. ఆ మాత్రలు యాడికి పోతాండాయి?”

ఆటో వైపు నడుస్తున్న ఇస్సాకు ఆగిపోయాడు.

అంకమ్మ తల దించలేదు.

“సంగట్లోకి.”

“ఏందీ?” మద్దిలేటి బల్ల దిగాడు.

“పొడి చేసి సంగట్లో కలుపుతాండా. రేపు గూడా కలుపుతా. ఏం జేస్తావో జేసుకో! మా అన్నా నీ మాదిరే మీసం తిప్పినాడు. షుగరు ముదిరి కాలు మోకాలి కాడికి తీసేసినారు. ఎన్ని నెలలు బతిమాలుకుంటి నిన్ను? ఇంటివా?”

“కూట్లో మందు పెట్టినదానివి, విషం పెట్టేదానికి ఎంతసేపు?”

“విషమైతే ఇంకో ముద్ద, ఇంకో ముద్దని అడిగి తింటివే!”

ఇస్సాకు కిసుక్కుమన్నాడు. కృపావతి నవ్వలేదు.

“మనిషికి చెప్పకుండా మందు పెట్టేది తప్పు వదినా. ఎన్ని కలుపుతాండావు?”

“ఒకటే. పొద్దున పూట.”

“అబద్ధం.”

“నా పిల్లోళ్ల మీద ఒట్టు. ఒకటే.”

కృపావతి అరలోంచి ఆ మాత్రల అట్ట తీసి చూసింది. డాక్టరు రాసింది చిన్న మోతాదు. కడుపు నిండా సంగటి తిన్న మనిషిని ఆ ఒక్క మాత్ర ఇంత కిందికి లాగదు. అదే మాత్ర ఆమె రోజూ ఎందరికో ఇస్తోంది.

“ఒకటి ఇంత పని చెయ్యదు. రెండన్నా పడింటాయి. నిజం చెప్పకుంటే నీకింక నేను మాత్రలియ్యను.”

“ఇయ్యాకు. ఆళ్లగడ్డలో నీదొక్కటేనా అంగడి?”

“పోలీసులకు చెప్తా. ఇట్లనే పెడితే ఆయన సచ్చిపోతాడు!”

“చెప్పుకోపో. జైల్లో కూర్చుంటా. ఈ మనిషి రెండు కాళ్ల మీద నడుస్తాంటే చాలు నాకు.”

ఆ కళ్లలో అబద్ధం లేదు. కృపావతి ఫోను చేతిలోకి తీసుకుంది.

“అయితే మీ ఇంట్లో ఇంకో చెయ్యి ఉండాది. నువ్వు గాక వంటింట్లోకి పోయేది ఎవరు? కోడలే గదా?”

అంకమ్మ మొహం అప్పుడు పాలిపోయింది.

“అది నీళ్లాడే మనిషి. నెలలు నిండినాయి. దాన్ని లాగొద్దు తల్లీ. కావాలంటే రెండూ నేనే కలిపినానని రాసుకో.”

“నువ్వు గాదని తెలిసినాక ఎట్ల రాసుకుంటా? స్టేషన్లో వాళ్లే అడుగుతారులే.”

కృపావతి నంబరు నొక్కుతోంది. మద్దిలేటి ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

“రేయ్ ఇస్సాకూ, నువ్వు బయటికి పో.”

ఇస్సాకు కదల్లేదు. అప్పటికే గుమ్మం దగ్గర నలుగురు మూగారు. అందులో టీ అంగడాయన కూడా ఉన్నాడు.

మద్దిలేటి వాళ్లందరినీ ఒకసారి చూశాడు. పళ్లు కొరికాడు. తర్వాత రొమ్ము విరుచుకుని, బస్టాండంతా వినబడేలా అరిచాడు.

“ఆడోళ్ల జోలికి పోవాకు కృపమ్మా, ఆ రెండోది నంద్యాల డాక్టరు కాడ మళ్లా రాయించుకుని, ఆడనే కొని, ఆర్నెల్లుగా రోజూ పొద్దున ఎనుముల కొట్టంలో దాక్కోని నేనే మింగుతాండా!”