దహనానికి అనువైన దేశం

క్రిప్టో సంపాదన మీద పన్ను పడకూడదని కుసుమాంబ భర్త ఏ దేశంలోనూ కాపురం పెట్టకుండా ఓడలోనే బతికాడు. పోయాక కూడా ఓడలోనే, ఫ్రీజరు గదిలో శవపేటికలో ఉన్నాడు. దహనం ఏ నేల మీద జరిగితే ఆస్తి మీద పన్ను ఆ దేశానిదే మరి.

ఆ గదిలో నిప్పు వెలిగించనివ్వరు. అందుకని ఆయన పెట్టె ముందు కుసుమాంబ రోజూ బ్యాటరీ దీపమే పెడుతుంది.

"మీ నాన్నకి కొరివి ఎప్పుడు పెడతావురా?"

"ఏదో ఒక దేశంలో పన్ను రేట్లు తగ్గనీ అమ్మా. తొందరపడితే సగం పోతుంది," అన్నాడు కొడుకు ప్రణీత్, ఫోనులోంచి తలెత్తకుండా.

ఆమె కళ్లొత్తుకుని వెనక్కి తిరిగింది. గోడవారగా ఇంకో పెట్టె ఉంది. కొత్తది. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.

"ఇదెవరికిరా?"

ప్రణీత్ అప్పుడు తలెత్తాడు.

"ఒక్కసారి పడుకుని చూడమ్మా, పొడుగు సరిపోతుందో లేదో."