ఎలుగుబంటి కడుపులో

పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, డప్పులు మోగుతుండగానే ఆ ఇత్తడి ముఖాన్ని ఎత్తుకుపోవాలని సర్వేశ్వరరావు నిర్ణయించుకున్నాడు. గోడలు దూకి దొంగతనం చేసే రోజులు పోయాయని అతని నమ్మకం.

విశాఖపట్నంలో పాత వస్తువుల వ్యాపారం అతనిది. అరకు దగ్గర ఒక కొండ ఊళ్లో నిర్మల అనే శిల్పి ఊరివాళ్లతో కలిసి ఊరేగింపు కోసం పనికిరాని సామాన్లకు ప్రాణం పోస్తోందని విని, కళాభిమానినంటూ వచ్చి చేరాడు. అక్కడ విరిగిన గొడుగులు కొంగలై రెక్కలాడిస్తున్నాయి. చిల్లుపడ్డ బిందెలు తాబేళ్లై పాకుతున్నాయి. అన్నిటికన్నా పెద్దది ఎలుగుబంటి. వెదురు ఒళ్లు, కాఫీ గోనెల చర్మం, చేటల చెవులు. ముందు కాళ్లలో ఒక మనిషి దూరి నడిస్తే చాలు, సైకిల్ గొలుసు లాగుతుంటే వెనక కాళ్లు వాటంతటవే అడుగులేస్తాయి. ఆ ఏర్పాటు సైకిళ్లు బాగుచేసే సుక్రుది.

దానికి తగిలించిన ముఖం మాత్రం ఆ ఊరి ముసలామె సోములమ్మది. ఆమె ఇంట్లో తరతరాలుగా విత్తనాల పండగకు పూజలందుకునే ఇత్తడి ముఖం అది. "అందరిదీ ఏదో ఒకటి ఉన్నాది, మాది లేపోతే ఎలాగ?" అని ఆవిడే తెచ్చి ఇచ్చింది. దాన్ని చూసిన దగ్గర్నుంచీ సర్వేశ్వరరావుకు అన్నం సయించలేదు.

వారమంతా బుద్ధిగా గోనెలు కుట్టాడు. కనిపించినవాళ్లనల్లా బావా, వదినా అని పలకరించాడు. ఊరేగింపు రోజున ఎలుగుబంటిని తనే నడుపుతానంటే నిర్మల సంతోషంగా ఒప్పుకుంది.

అతను లోపలికి దూరబోతుంటే సోములమ్మ వచ్చి ఇత్తడి నుదుటికి పసుపు రాసింది.

"పైలంగా నడు బావూ. అది మాయమ్మ మొకం. దానికేటైనా అయితే ఈ యేడు మేము ఇత్తనం సల్లలేం," అంది.

"నా ప్రాణంలా చూసుకుంటానమ్మా," అన్నాడు. ఆవిడ కళ్లలోకి మాత్రం చూడలేకపోయాడు.

సుక్రు ఎక్కడా కనిపించలేదు. ఏదో ఆఖరి బాగుచేతలో ఉన్నాడన్నారు. అదీ మంచిదే, అడ్డొచ్చేవాడు ఒకడు తగ్గాడు.

ఎలుగుబంటి లోపల చీకటి. వీపు వెనక నల్లగుడ్డ తెర. బయట డప్పులు హోరెత్తగానే సర్వేశ్వరరావు ఫోన్ తీసి డ్రైవర్ దుర్గాప్రసాద్‌ను పిలిచాడు. ఎలుగుబంటి కడుపులో తన మాట వినేదెవరు?

"సంత మలుపులో జీపు ఉంచు. గుంపు ముందుకెళ్లగానే నేను పక్కకి తప్పుకుంటాను. ముఖం ఊడదీసుకుని సాయంత్రానికల్లా ఒడిశాలో ఉండాలి. ముసలామె ఏడుపు మొదలెట్టేసరికి మనం కొండ దిగిపోవాలి."

ఊరేగింపు కదిలింది. ఎలుగుబంటి ఠీవిగా నడిచింది. నిన్నటిదాకా కీచుమన్న గొలుసు ఇవాళ చప్పుడే చేయలేదు. సుక్రు బాగా నూనె పట్టించినట్టున్నాడు అనుకుని సర్వేశ్వరరావు మనసులోనే మెచ్చుకున్నాడు.

మలుపు వచ్చింది. జనం థింసా నాట్యం అడుగులేస్తూ మైదానం వైపు సాగిపోయారు. దూరంగా ఎడమపక్కన జీపు. సర్వేశ్వరరావు అటు తిరిగాడు. ఎలుగుబంటి తిరగలేదు. బలంగా లాగాడు. వెనక భాగం కుడికి ఒరిగి అతన్నీ ఈడ్చుకుపోయింది. దారి వాలుగా ఉండబట్టి అనుకున్నాడు. భుజాల పట్టీలు విప్పుకుందామంటే రెండు చేతులూ ఇత్తడి బరువు మోస్తున్నాయి. సర్దుకునేలోపే ఇంకాస్త కుడికి, ఇంకాస్త కుడికి.

దవడ సందులోంచి చూస్తే ఎదురుగా పోలీసు అవుట్‌పోస్టు. అరుగు మీద టీ తాగుతున్న కానిస్టేబుల్ సత్యనారాయణ నవ్వుతూ లేచాడు.

"ఏటి ఎలుగుబంటిగోరూ, కంప్లైంటు ఇవ్వడానికి వచ్చినారా?"

సర్వేశ్వరరావు వెనక్కి తగ్గబోయాడు. వెనక కాళ్లు నేలలో పాతినట్టు నిలబడిపోయాయి.

"పాడు గొలుసు, ఇప్పుడే పట్టేయాలా," అని పళ్లు కొరికాడు.

నల్లగుడ్డ తెర అవతల్నుంచి సుక్రు గొంతు నింపాదిగా పలికింది.

"గొలుసు పొద్దున్నే తెగిపోనాది బావూ. అప్పట్నుంచీ ఈ ఎనక కాళ్లు నావే."