బాత్రూం చెప్పులు

ఏభై దాటిన మగవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు కమోడే పరీక్షలు చేస్తోంది. మూత్రధార ఎలా వస్తోందో, ప్రోస్టేట్ వాచిందో లేదో చూసి, ఫలితాన్ని వంటగది తెర మీద పెడుతుంది. మనిషిని మాత్రం బాత్రూం చెప్పులను బట్టి గుర్తుపడుతుంది.

వంశీధర్‌కి అరవై ఎనిమిదేళ్లు. ధార సన్నబడి ఏడాదైంది. దోసెలు పోస్తూ కోడలు హన్విక ఆ సంగతి చదువుతుందనుకుంటేనే ఆయనకు తల కొట్టేసినట్టయ్యేది. అందుకే పై వాటాలో అద్దెకున్న స్నేహితుడు కిశోర్‌తో, "పైన నీళ్లు సరిగ్గా రావు కదరా, పొద్దున్నే మా బాత్రూం వాడుకో" అన్నాడు. తన చెప్పులు అతనికిచ్చి, తాను ఉత్త కాళ్లతో పైకెళ్లి అక్కడి పాత కమోడ్ వాడుకునేవాడు.

తెర మీద రోజూ పచ్చరంగే. "మీకేం మావయ్యా, కుర్రాళ్లు కూడా మీ ముందు పనికిరారు!" అనేది హన్విక. సిగ్గు లేకుండా మురిసిపోయేవాడు కూడా.

ఇవాళ తెర ఎర్రబడింది. క్యాన్సర్ అనుమానం, వెంటనే డాక్టర్ని కలవమంది.

"పదకొండింటికి రమ్మన్నారు మావయ్యా. ముందే తెలిసింది కదా, భయం లేదు. నేనూ వస్తాను" అంది హన్విక కళ్లు తుడుచుకుంటూ.

నోరు మూసుకుంటే కిశోర్ ప్రాణం మీదికి వస్తుంది. వంశీధర్ గోడవైపు చూస్తూ, "అది నాది కాదమ్మా, కిశోర్‌ది" అన్నాడు. చెప్పుల కథంతా చెప్పాడు.

హన్విక తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కిశోర్‌ని పిలవడానికి మెట్ల దాకా వెళ్లి, వెనక్కి వచ్చింది. బాత్రూం గుమ్మంలోని చెప్పులు తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టింది.

"మరి మీ సంగతేంటి మావయ్యా?"

ఏడాదిగా వేసుకోని ఆ చెప్పుల్లో ఆయన కాళ్లు పెట్టాడు. కిశోర్ విడిచిన తడి ఇంకా ఆరలేదు.