నాలుగు పాయింట్ నాలుగు

"ఈ నలభై లైన్లు ఎవరు రాశారండీ?"

కొత్తగా చేరినావిడ అడిగిన ప్రశ్నకు, ఆస్పత్రి కంప్యూటర్ గదిలో ఉన్నవాళ్ళంతా సీనియర్ వైపు చూశారు.

"నేనే. ఏం?"

ప్రతి ఏడో ఆక్సిజన్ సిలిండర్‌నూ తనిఖీకి పంపాలి. ఆ నంబర్లన్నీ సీనియర్ ఒక్కొక్కటిగా క్వెరీలో, అంటే డేటాబేస్‌ను జాబితా అడిగే ఆదేశంలో, ఎక్కించాడు.

"ఏడుతో భాగిస్తే శేషం సున్నా వచ్చేవి కావాలి, అంతే కదా? దానికి మాడ్ అనే ఫంక్షన్ డేటాబేస్‌లోనే ఉందండి."

ఆవిడ ఒక్క లైను కొట్టింది. అదే జాబితా వచ్చింది.

సరిగ్గా అప్పుడే సూపరింటెండెంట్ గుమ్మంలో నిలబడి ఉండటం సీనియర్ ఖర్మ.

"ఇన్నాళ్ళూ నలభై లైన్లు మోశామన్నమాట," అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

సీనియర్‌కి ఒళ్ళు మండిపోయింది.

త్వరలో సెక్షన్ హెడ్ కుర్చీ ఖాళీ అవుతుంది. పదకొండేళ్ళుగా దానికోసమే కాచుకుని ఉన్నాడు. ఈవిడేమో ఆరు నెలల కాంట్రాక్టు మీద వచ్చింది. బళ్ళో లెక్కలు చెప్పేదట, యాభై దాటాక ఈ పని నేర్చుకుందట. అప్పుడే అందరికీ టీచరమ్మ అయిపోయింది. సూపరింటెండెంట్ కూడా ఆవిడ బల్ల దగ్గర ఆగి, మాట్లాడి మరీ వెళ్తున్నాడు. తన బల్ల దగ్గర ఎప్పుడైనా ఆగాడా?

ఇంట్లోనూ అదే గోల.

"పాఠాలు చెప్పుకోక ఇక్కడికెందుకొచ్చినట్టు?"

"మీ కుళ్ళు తప్ప, ఆవిడ చేసిన తప్పేంటండీ?" అంది భార్య.

ఆ పూట అతనికి అన్నం సహించలేదు. మర్నాటి నుంచి ఆవిడ తప్పు కోసం వెతకడం మొదలుపెట్టాడు.

చివరికి దొరికింది.

ఏ వార్డుకు రోజుకు ఎన్ని సిలిండర్లు పంపాలో చెప్పే క్వెరీ అతను రాసిందే. అందులో రౌండ్ వాడాడు. 4.6 వస్తే అయిదు, 4.4 వస్తే నాలుగు. ఆవిడ దాన్ని తీసేసి సీలింగ్ పెట్టింది. మిగిలిన ముక్క ఎంత చిన్నదైనా అది పై అంకెకే తీసుకెళ్తుంది.

"నా క్వెరీ ముట్టుకోడానికి మీరెవరు?"

"4.4 కావాల్సిన చోటికి నాలుగే పంపితే, ఆ పాయింట్ నాలుగు ఎవరిస్తారండీ?"

"సగటున సరిపోతుంది. ఒక వార్డులో తగ్గితే ఇంకో వార్డులో మిగులుతుంది."

"రోగి ఒక్క వార్డులోనే ఉంటాడు కదండీ," అందావిడ మెల్లగా.

అనుమతి లేకుండా క్వెరీ మార్చిందనీ, వార్డుల్లో సిలిండర్లు ఊరికే పడి ఉంటున్నాయనీ అతను పైకి రాసి పంపాడు. రూలు రూలే. సూపరింటెండెంట్ కాదనలేకపోయాడు. మూడో నెలలోనే ఆవిడ కాంట్రాక్టు ముగిసింది.

వెళ్తూ వెళ్తూ అతని బల్ల దగ్గర ఆగింది.

"ఆ ఒక్కటీ మళ్ళీ పాతలా మార్చకండి సార్."

"చూద్దాంలెండి."

ఆవిడ మెట్లు దిగేలోపే రౌండ్ పెట్టేశాడు. చాలా రోజులకు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కుర్చీ దక్కింది. దాంతోపాటు పాత ఫైళ్ళ బీరువా తాళం కూడా.

పై ఫైల్లో రెండేళ్ళ కిందటి ఫిర్యాదు ఉంది.

"ఆ రోజు ఆరో వార్డుకు కావలసినవి 4.4 సిలిండర్లు. వచ్చినవి నాలుగు. అయిదోది స్టోర్ నుంచి వచ్చేలోపు నా తమ్ముడు పోయాడు. ఎవరినీ శిక్షించమని అడగను. లెక్క మార్చండి, చాలు."

దానికి ఒక చీటీ గుచ్చి ఉంది. "లెక్క సరిగానే ఉంది."

చేతిరాత అతనిదే. అప్పటి హెడ్ అడిగితే, సంగతేమిటో కనుక్కోకుండానే రాసిచ్చేశాడు.

అతను ముందు కంప్యూటర్ తెరిచి సీలింగ్ పెట్టాడు. జాబితా మళ్ళీ ప్రింట్ తీసి, తనే స్టోర్‌కి పరుగెత్తాడు. ఆరో వార్డు దగ్గర అయిదో సిలిండర్ దిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

తిరిగొచ్చి, ఫిర్యాదు కాగితం వెనక్కి తిప్పాడు.

సంతకం కింద గుండ్రటి అక్షరాల్లో ఉంది: రోగి అక్క, లెక్కల టీచరు.