అక్క కింద ముగ్గురు

“సగం ధరకే కుక్కర్, బావా! నువ్వు ఈ గొలుసు స్కీములో ముగ్గుర్ని చేర్పిస్తే ఇదీ ఉచితమే,” అన్నాడు మాస్టారితో బావమరిది. ఇంకా కుక్కర్లు కొనడానికి రేపు తన సైకిల్ షాపు అమ్మేస్తున్నాడు.

“ఎవర్ని చేర్పించను? దర్జీనా?” అడిగాడు మాస్టారు.

“నన్ను చేర్పించిందే వాడు.”

“పాలాయన?”

“దర్జీని చేర్పించింది ఆయనే.”

వీధిలో ఎవరూ మిగల్లేదు. బావమరిది చూపు గోడ మీద, పోయిన అక్క ఫొటో దగ్గర ఆగింది.

“అక్కని చేర్పిద్దాం బావా. బతికుండగా ఏనాడైనా నాకు కాదందా?”

మాస్టారు కూడా ఫొటోకేసి చూశాడు.

“సరే. మరి అక్క ఎవర్ని చేర్పిస్తుంది?”

“అమ్మా నాన్నా అక్కడే ఉన్నారుగా. తాతయ్యతో ముగ్గురూ సరి...” అంటూ ముడిచిన వేళ్లకేసి చూసి ఆగిపోయాడు.

మెల్లగా కుక్కర్‌ని ఒళ్లోకి తీసుకున్నాడు.

“రేపు షాపు తెరవాలి బావా.”